సెరోవేలో ఎవరూ రాని సభ

(ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, ఆదివారం పూట, ఆఫ్రికా గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

ముందు ఈ నోటు చూడండి. చూసి పక్కవాళ్లకి ఇవ్వండి, వెనక వరస దాకా వెళ్లనివ్వండి. ఇది బోట్స్వానా దేశపు 100 పులాల నోటు. వాళ్ల భాష సెట్స్వానాలో పులా అంటే వాన. దేశంలో ఎక్కువ భాగం కలహారి ఎడారే కాబట్టి డబ్బుకి వాన అని పేరు పెట్టుకున్నారు. సభలో ఒక మాట నచ్చితే మనం చప్పట్లు కొడతాం కదా, వాళ్లు "పులా! పులా!" అని అరుస్తారు. ఈ అరుపు మళ్లీ వినిపిస్తుంది, గుర్తుపెట్టుకోండి.

నోటు మీద ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు. బాంగ్వాటో తెగకు పెద్ద మూడో ఖామా, బాక్వేనా తెగకు పెద్ద సెబేలే, బాంగ్వాకెట్సే తెగకు పెద్ద బాతోయెన్. 1895లో ఈ ముగ్గురూ ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. ఎందుకంటే, 1885లో బ్రిటన్ వాళ్ల నేలను తన రక్షణలోకి తీసుకుని బెచువానాలాండ్ అని పేరు పెట్టింది. పదేళ్లు తిరక్కుండానే దాన్ని దక్షిణాఫ్రికాలో గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీకి అప్పజెప్పే ఏర్పాట్లు మొదలయ్యాయి. పక్కనే ఉత్తరాన రోడ్స్ మనుషులు భూములు ఎలా లాక్కుంటున్నారో ఈ ముగ్గురూ చూస్తూనే ఉన్నారు. దాంతో నేరుగా వెళ్లి మంత్రి జోసెఫ్ చాంబర్లీన్‌ని కలిశారు. ఆయన కంపెనీతోనే తేల్చుకోమన్నాడు. వీళ్లు వెనక్కి రాలేదు. మిషనరీల సాయంతో ఇంగ్లండులో ఊరూరా తిరిగి, చర్చిల్లో, సభల్లో మాట్లాడారు. ఖామా తన రాజ్యంలో సారా నిషేధించినవాడు. మద్యానికి వ్యతిరేకంగా పనిచేసే అక్కడి సంఘాలకు ఆయనంటే ఎంతో గౌరవం. రోడ్స్ వస్తే సారా కూడా వస్తుందని ఆయన చెబితే జనం విన్నారు. చివరికి చాంబర్లీన్ దిగొచ్చాడు. రైలు మార్గానికి కొంత నేల ఇవ్వాలి, గుడిసె పన్ను కట్టాలి, మిగతాది రాణి రక్షణలోనే ఉంటుంది అన్నాడు. ఆ ఏడాది చివర్లో రోడ్స్ మనిషి జేమ్సన్ పక్క దేశం ట్రాన్స్‌వాల్ మీద దండెత్తి పట్టుబడ్డాడు. రోడ్స్ పరువు పోయింది, కంపెనీ సంగతి అక్కడితో ఆగింది.

ఇక్కడ నేను "రాజు" అనకుండా "పెద్ద" అంటున్నాను, గమనించారా? రాజు అనగానే మనకి కోట, సింహాసనం, వెనక వింజామర కళ్ల ముందుకొస్తాయి. సెట్స్వానాలో ఆయన్ని ఖోసి అంటారు. ఖోసి కూర్చునే చోటు ఖోట్లా. చెట్టు మొద్దుల్ని నిలువుగా పాతి అర్ధచంద్రాకారంలో కట్టిన ఆవరణ అది. దాన్ని ఆనుకుని పశువుల దొడ్డి ఉంటుంది. ఎవరి పీట వాళ్లే తెచ్చుకుని కూర్చుంటారు. మన రచ్చబండలాంటిదే అనుకోండి, కాకపోతే దాని అధికారం చాలా ఎక్కువ. తగవులు, కొత్త కట్టుబాట్లు, పశువులు, యుద్ధాలు, పెళ్లిళ్లు అన్నీ అక్కడే తేలాలి. ఖోసి ముందుగా నోరు విప్పడు. అందరూ చెప్పాక, ఆఖర్న, సభ ఎటు మొగ్గిందో చూసి మాట్లాడతాడు. "ఖోట్లాలో పలికిన మాటలన్నీ అందమైనవే" అని వాళ్ల సామెత. అక్కడ ఏమన్నా తప్పు పట్టరు, మాట్లాడినందుకు ఎవరినీ శిక్షించరు అని దానర్థం. ఇంకో సామెత, "ఖోసి కే ఖోసి కా మొరాఫే". మొరాఫే అంటే జాతి, జనం. జనం వల్లే ఖోసి ఖోసి అయ్యాడని.

అలాగని ఖోట్లాని స్వర్గం చేసి చెప్పడం నాకిష్టం లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లకి అక్కడ గొంతు లేదు. ఎడారిలో వేటాడి బతికే బాసర్వాలు బాంగ్వాటో పెద్దల ఇళ్లలో తరతరాలు వెట్టి చేశారు. వాళ్లకి ఆ ఆవరణలో పీట వేసుకునే హక్కే లేదు. ఖోసి పిలిస్తే ఈడు జట్ల కుర్రాళ్లు కూలి లేకుండా పని చెయ్యాల్సిందే. ఇవన్నీ నిజాలు. అయినా ఖోసి మాట చెల్లాలంటే జనం వచ్చి కూర్చోవాలన్నది కూడా అంతే నిజం. నేను చెప్పబోయే కథంతా ఆ ఒక్క నిజం మీద నడుస్తుంది.

బ్రిటిష్ వాళ్లకి ఇది అర్థమైందా? వాళ్లకొక సిద్ధాంతం ఉండేది, పరోక్ష పాలన. స్థానిక పెద్దల్ని అలాగే ఉంచి, వాళ్ల చేతే పన్నులు వసూలు చేయించి, వాళ్ల నోటితోనే ఆజ్ఞలు పలికించడం. దీనికి ఆఫ్రికాలో పెద్ద గురువు ఫ్రెడరిక్ లుగార్డ్. ఆయన పుట్టింది మన పక్కనే, 1858లో, మద్రాసులో. సంస్థానాల్లో రెసిడెంట్లు ఏం చేసేవారో మన పెద్దలు చూశారు కాబట్టి ఈ పద్ధతి మనకి కొత్త కాదు. ఉత్తర నైజీరియాలో ఎమీర్లు ఉన్నారు కాబట్టి అక్కడ బండి నడిచింది. ఆగ్నేయాన ఇగ్బోల ఊళ్లలో అసలు రాజులే లేరు. పెద్దలు, ఆడవాళ్ల సంఘాలు, ఈడు జట్లు కలిసి ఊరు నడుపుకునేవాళ్లు. అక్కడ తెల్లదొరలు ఒక కాగితం మీద సంతకం పెట్టి రాజుల్ని తయారు చేశారు. వాళ్లని వారంట్ చీఫ్‌లు అన్నారు. ఆడవాళ్లకి కూడా పన్ను వేస్తారన్న కబురు పుట్టాక, 1929 చివర్లో వేలమంది ఆడవాళ్లు ఆ కాగితపు రాజుల ఇళ్లు చుట్టుముట్టి వాళ్ల టోపీలు లాక్కున్నారు. కాల్పుల్లో 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. ఆ స్త్రీల గురించి ఒక పూటంతా మాట్లాడాలి, ఇవాళ కుదరదు.

మళ్లీ బెచువానాలాండ్‌కి వద్దాం. మూడో ఖామా 1923లో పోయాడు. కొడుకు సెక్గోమా రెండేళ్లకే పోయాడు. సెక్గోమా కొడుకు సెరెట్సేకి అప్పుడు నాలుగేళ్లు. కాబట్టి బాబాయి చెకెడి రాజప్రతినిధి అయ్యాడు. ఆ బాబాయికి కూడా అప్పటికి 20 ఏళ్లే. చదువు వదిలేసి వచ్చి ఊరి బరువు, తండ్రి లేని పిల్లాడి బరువు రెండూ ఎత్తుకున్నాడు. మొండివాడు, చాలా తెలివైనవాడు. 1934లో బ్రిటిష్ అధికారులు ఖోసిల అధికారాన్ని కాగితం మీద కొలిచి రాసి, ఖోట్లాని పక్కకి నెట్టే చట్టాలు తెస్తే, చెకెడి, బాంగ్వాకెట్సే పెద్ద రెండో బాతోయెన్ కలిసి కోర్టుకెక్కారు. 1936లో ఓడిపోయారు. రాణితో మీ తాతలు చేసుకున్న ఒప్పందాలు సామ్రాజ్యాన్ని కట్టిపడెయ్యవు అన్నది ఆ తీర్పు సారాంశం. 1895లో ఓడెక్కి వెళ్లి తెచ్చుకున్న మాట విలువ అంతే అని తేలిపోయింది.

సెరెట్సే దక్షిణాఫ్రికాలో ఫోర్ట్ హేర్ కాలేజీలో డిగ్రీ చేసి, ఆక్స్‌ఫర్డ్‌కి, అక్కణ్ణించి లా చదవడానికి లండన్‌కి వెళ్లాడు. 1947లో ఒక మిషనరీ సంఘం ఏర్పాటు చేసిన డాన్స్ సాయంత్రం రూత్ విలియమ్స్ పరిచయమైంది. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, యుద్ధంలో వైమానిక దళంలో పనిచేసిన అమ్మాయి. ఇద్దరికీ జాజ్ సంగీతం ఇష్టం. 1948 సెప్టెంబరులో చర్చిలో పెళ్లి ఖాయమైంది. చివరి నిమిషంలో బిషప్ ఒప్పుకోలేదు. 29న రిజిస్టర్ ఆఫీసులో చేసుకున్నారు.

కబురు తెలిసి చెకెడి కుప్పకూలాడు. ఇది రంగు సంగతి మాత్రమే కాదు. ఖోసి పెళ్లి ఖోట్లా పెళ్లి. జనాన్ని అడక్కుండా చేసుకోవడం ఏమిటి? రేపు కొడుకు పుడితే వాణ్ణి వారసుడిగా ఎవరు ఒప్పుకుంటారు? మనలో ఎంతమంది బాబాయిలు ఇదే మాట అని ఉంటారో ఆలోచించండి. సెరెట్సే వెనక్కి వచ్చి ఖోట్లా ముందు నిలబడ్డాడు. 1948 నవంబరులో మొదటి సభ. అందరూ తిట్టారు. డిసెంబరులో రెండోది. ఈసారి సెరెట్సే వైపు గొంతులు వినపడ్డాయి. 1949 జూన్‌లో మూడోది.

జూన్ అంటే అక్కడ చలికాలం. బాంగ్వాటోల ముఖ్య పట్టణం సెరోవేలో పొద్దున పూట గడ్డకట్టే చలి. దూర దూరాల పశువుల మందల దగ్గర్నుంచి కూడా మగవాళ్లు వచ్చారు, వేలమంది. రోజుల తరబడి వాదనలు నడిచాయి. ఆఖర్న సెరెట్సే లేచి, నా భార్యని ఒప్పుకోనివాళ్లు నిలబడండి అన్నాడు. ఒక నలభై మంది దాకా లేచారు. చాలామటుకు రాచ కుటుంబం పెద్దలే. ఒప్పుకునేవాళ్లు నిలబడండి అన్నాడు. ఖోట్లా అంతా ఒక్కసారి లేచి నిలబడింది. "పులా! పులా!" అన్న అరుపులు ఎంతసేపటికీ ఆగలేదు.

నేనీ ఘట్టం చదివినప్పుడల్లా ఆ నలభై మంది గురించే ఆలోచిస్తాను. వేలమంది మధ్య, తమ ఊళ్లో, తమ సొంతవాళ్ల ముందు వ్యతిరేకంగా లేచి నిలబడ్డం తేలిక కాదు. ఎవరూ వాళ్ల మీద చెయ్యి వెయ్యలేదు. చెకెడి తన మనుషుల్ని, పశువుల్ని తీసుకుని పక్క తెగ నేలకి వెళ్లిపోయాడు.

ఖోట్లా లెక్కలో అంతటితో వ్యవహారం ముగిసింది. రూత్ ఆగస్టులో సెరోవే వచ్చింది. కానీ దక్షిణాఫ్రికాలో 1948 మేలో, తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ వేరుగా ఉంచాలనే మలాన్ పార్టీ గెలిచింది. 1949లో తెల్లవాళ్లు వేరే జాతివాళ్లని పెళ్లి చేసుకోవడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. సరిహద్దుకి ఇవతల ఒక నల్ల ఖోసి, తెల్ల రాణి కాపురం చెయ్యడమంటే ఆ చట్టానికి చెంపపెట్టు. బ్రిటన్ యుద్ధంలో చితికిపోయి ఉంది. దానికి దక్షిణాఫ్రికా బంగారం కావాలి, అణుబాంబుకి యురేనియం కావాలి. పైగా బెచువానాలాండ్‌ని తమలో కలిపెయ్యాలని దక్షిణాఫ్రికా ఎప్పటినుంచో అడుగుతోంది. ఇవన్నీ పైకి చెప్పలేరు కాబట్టి హారగిన్ అనే జడ్జితో విచారణ వేశారు. ఆయన తేల్చింది ఏమిటంటే, సెరెట్సే ఖోసి పదవికి అన్ని విధాలా తగినవాడే, కానీ దక్షిణాఫ్రికా, తెల్లవాళ్లు ఏలే పక్క దేశం రొడీషియా ఒప్పుకోవు కాబట్టి వద్దు. ఇలా బాహాటంగా రాస్తే ప్రభుత్వం ఎలా బయటపెడుతుంది? దాదాపు 30 ఏళ్లు ఆ రిపోర్టు బీరువాలోనే ఉండిపోయింది.

1950 ఫిబ్రవరిలో మాట్లాడాలి రమ్మని సెరెట్సేని లండన్ పిలిపించారు. అనుమానం ఉన్నా వెళ్లాడు. గర్భవతి అయిన రూత్ సెరోవేలోనే ఉండిపోయింది. లండన్‌లో ఆయన ముందు పెట్టిన బేరం, పదవి వదులుకో, ఏడాదికి 1,100 పౌండ్లు ఇస్తాం. కాదన్నాడు. అయితే అయిదేళ్లు నీ దేశానికి వెళ్లకూడదు అన్నారు. ఇది చేసింది మితవాదులు కాదు, ఆట్లీ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం. మనకి స్వాతంత్ర్యం ఇచ్చిన ప్రభుత్వమే. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ నిర్ణయాన్ని జనానికి చెప్పడానికి హైకమిషనర్ బేరింగ్ స్వయంగా సెరోవే వచ్చాడు. ఖోట్లా సభ పిలిచారు. మార్చి నెల, ఎండ. అధికారులు వచ్చారు, పోలీసులు వచ్చారు, విలేఖరులు వచ్చారు. బాంగ్వాటో జనం రాలేదు. దొర వచ్చి ఖాళీ ఆవరణని చూసి వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

కాసేపు ఆ దృశ్యం దగ్గర ఆగుదాం. రాళ్లు వెయ్యలేదు, కేకలు వెయ్యలేదు. ఇళ్లలోనే ఉండిపోయారు, అంతే. బ్రిటిష్ వాళ్లు ఖోసిని పట్టుకుంటే జనం దొరికినట్టే అనుకున్నారు. ఖోసిని వాళ్ల చేతుల్లోంచి దూరంగా పంపేశాక, మాట్లాడ్డానికి ఎదురుగా ఎవరూ లేరు. తర్వాత ఆరేళ్లు ఇదే తంతు. వేరే ఖోసిని ఎన్నుకోమంటే ఎన్నుకోలేదు. పన్నులు కట్టడం తగ్గించేశారు. 1951లో వచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వం 1952లో బహిష్కారాన్ని శాశ్వతం చేసింది. బాంగ్వాటోలు ఆరుగురు పెద్దల్ని లండన్ పంపారు, 1895లో తాతలు వెళ్లినట్టే. ఈసారి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ జూన్‌లో ఖోట్లాలో పోలీసులకీ జనానికీ గొడవ జరిగి ముగ్గురు పోలీసులు చనిపోయారు. వాళ్లూ ఆఫ్రికా వాళ్లే, బసూటోలాండ్ నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్లు. ఎవరో దూరంగా చేసిన పనికి ఎవరో ఇక్కడ బలైపోయారు.

ముడి విప్పింది బాబాయి. చెకెడి 1956లో లండన్ వెళ్లి సెరెట్సేని కలిశాడు. ఇద్దరం పదవి వదులుకుంటాం, సెరెట్సేని మామూలు మనిషిగా ఇంటికి రానివ్వండి అని రాసిచ్చారు. ఒక కుటుంబం ఏళ్ల తరబడి విడిపోయి, మళ్లీ ఒక బల్ల దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో మీలో చాలామందికి తెలుసు. అదే ఏడాది సెరెట్సే, రూత్, ఇద్దరు పిల్లలు తిరిగి వచ్చారు. చెకెడి 1959లో పోయాడు.

పదవి లేని సెరెట్సే 1962లో పార్టీ పెట్టాడు. అతనికి కుడిభుజం క్వెట్ మాసీరే, రైతు, విలేఖరి. 1965 ఎన్నికల్లో 31 సీట్లలో 28 గెలిచారు. 1966 సెప్టెంబరు 30న బోట్స్వానా పుట్టింది. అప్పటి పరిస్థితి వింటే టెన్షన్ వస్తుంది. దేశానికి అప్పటిదాకా రాజధానే లేదు. దాన్ని పాలించింది సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ ఊళ్లో కూర్చుని. గాబరోన్‌ని అప్పటికప్పుడు కట్టారు. దేశం మొత్తానికి తారు రోడ్డు 12 కిలోమీటర్లు. పైగా భయంకరమైన కరువు.

ఇప్పుడు నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే విషయానికి వస్తున్నాను. మరుసటి ఏడాది, 1967లో, ఒరాపాలో వజ్రాలు దొరికాయి. ఒరాపా ఎక్కడుంది? బాంగ్వాటో నేలలో. అంటే సెరెట్సే సొంత తెగ నేలలో. పాత కట్టుబాటు ప్రకారం నేల తెగది, నేల కింద ఉన్నదీ తెగదే. సెరెట్సే ఖోసిగానే మిగిలి ఉంటే ఆ వజ్రాల మీద మొదటి మాట ఆయనదే. కానీ భూగర్భంలోని ఖనిజాలన్నీ దేశానివి అని ఆయన పార్టీ ఎన్నికల ముందే చెప్పింది. 1967లో చట్టం చేసి, ముందుగా తన తెగ హక్కుని వదులుకుని, మిగతా తెగల్ని ఒప్పించారు. వజ్రాల కంపెనీ డీ బీర్స్‌తో కలిసి పెట్టిన గనుల కంపెనీలో ప్రభుత్వ వాటా మొదట 15 శాతం. తర్వాత గట్టిగా మాట్లాడి 50 శాతం చేయించారు. ఒక్కసారి ఖండమంతా చూడండి. కాంగోలో రాగి ఉన్న కటాంగా విడిపోతానని యుద్ధం తెచ్చుకుంది. ఇక్కడ ఒక తెగ వజ్రాల్ని దేశానికి రాసిచ్చేసింది. రాసివ్వమని అడగగల మాట ఒక్క సెరెట్సేకే ఉంది, ఎందుకంటే ఖాళీ ఖోట్లాతో ఆయన కోసం నిలబడిన జనం వాళ్లు.

అదే మనిషి ఖోసిల రెక్కలు కూడా కత్తిరించాడు. భూములు పంచే అధికారం ఖోసిల దగ్గర్నుంచి తీసి ల్యాండ్ బోర్డులకిచ్చే చట్టం 1968లో వచ్చింది. ఖోసిలకి పార్లమెంటులో సలహా చెప్పే సభ ఒకటి మిగిల్చారు. ఓటు లేదు, సలహా మాత్రమే. తెల్లవాళ్లు ఎంత ప్రయత్నించినా చెయ్యలేని పనిని ఒక ఖోసి మనవడు చేశాడు. దీని మీద మండిపడ్డవాడు రెండో బాతోయెన్, 1936లో చెకెడితో కలిసి కోర్టుకెక్కిన ఆ పెద్దాయనే. 40 ఏళ్లు ఏలినవాడు, 1969లో ఖోసి పదవికి రాజీనామా ఇచ్చి ప్రతిపక్షం తరఫున ఎన్నికల్లో నిలబడి ఉపాధ్యక్షుడు మాసీరేని ఓడించాడు! తాత 1895లో ఓడెక్కితే, మనవడు 1969లో బ్యాలెట్ పెట్టె ఎక్కాడు. నాకు ఇద్దరి మీదా గౌరవం ఉంది. బాతోయెన్ ఆవేదనలో న్యాయం లేకపోలేదు. కానీ భూమి ఎవరికివ్వాలో ఒక్క మనిషి, అదీ పుట్టుకతో వచ్చిన మనిషి నిర్ణయించడం కంటే బోర్డు మేలన్నదే నా అభిప్రాయం. బాసర్వాలకి ఆ బోర్డులూ న్యాయం చెయ్యలేదు. వాళ్లని కలహారి అభయారణ్యం నుంచి తరిమేస్తే, 2006లో హైకోర్టుకి వెళ్లి గెలవాల్సి వచ్చింది. ఆ మచ్చ ఆ దేశం మీద ఉంది.

సెరెట్సే 1980 జులైలో పోయాడు. కొడుకు ఇయాన్ అంతకు ముందు ఏడాదే ఖోసి అయ్యాడు, తర్వాత 2008 నుంచి 2018 దాకా దేశాధ్యక్షుడు. ఏ పిల్లాడిని వారసుడిగా ఎవరు ఒప్పుకుంటారని చెకెడి భయపడ్డాడో, ఆ పిల్లాడే. తండ్రి పెట్టిన పార్టీ 58 ఏళ్లు ఏలి, 2024 ఎన్నికల్లో ఓడింది. ఓడిన అధ్యక్షుడు వెంటనే ఒప్పుకుని తప్పుకున్నాడు.

సెరోవేలో ఒక కొండ ఉంది, రాచ కుటుంబాన్ని అక్కడ పూడుస్తారు. మూడో ఖామా సమాధి మీద కంచుతో చేసిన చిన్న జింక బొమ్మ ఉంటుంది. అది వాళ్ల కులచిహ్నం. సెరెట్సే అక్కడే ఉన్నాడు. భర్త పోయాక రూత్ ఇంగ్లండు వెళ్లిపోతుందని చాలామంది అనుకున్నారు. వెళ్లలేదు. 2002లో ఆమెని కూడా ఆ కొండ మీదే, ఆయన పక్కన పూడ్చారు. కొండ మీంచి కిందకి చూస్తే ఖోట్లా కనిపిస్తుంది. ఇప్పటికీ సభలు జరుగుతాయి. ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడతారు.

నోటు వెనక వరస దాకా వెళ్లిందా? సరే, అక్కడ్నుంచే మొదలుపెడదాం. వెనక కూర్చున్నవాళ్లు ముందు అడగండి.